వైరు, వైఫై కలిసిన నెట్‌వర్క్‌లో మల్టీకాస్ట్ ఫైల్ ట్రాన్స్‌ఫర్: వైఫై వైపు ఏం చేయాలి?

పెద్ద డిస్క్ ఇమేజ్ ఒకటి చాలా మెషీన్లకు ఒకేసారి మల్టీకాస్ట్‌లో (ఒకే ప్రసారం గ్రూపులో అందరికీ చేరేలా) పంపాలి. కేబుల్ మీద ఉన్నవాటికి ఇబ్బంది లేదు, వైఫై వాటికే ప్యాకెట్లు తెగ పోతున్నాయి. వైఫైలో మల్టీకాస్ట్ ఫ్రేమ్‌కి అందినట్టు జవాబు రాదు, పోతే మళ్ళీ పంపదు, పైగా సాధారణంగా తక్కువ బేసిక్ రేటులోనే వెళ్తుంది, అది తెలుసు. అందుకే నాక్‌ల (ప్యాకెట్ అందలేదని రిసీవర్ పంపే సందేశాల) మీద నడిచే నార్మ్ ప్రోటోకాల్ (ఆర్ఎఫ్‌సీ 5740) పెట్టాను, కానీ కంజెషన్ కంట్రోల్ (రద్దీని బట్టి పంపే వేగాన్ని సర్దేది) ఆన్ చేస్తే అందరి వేగమూ అన్నిటికన్నా నెమ్మదైన రిసీవర్ స్థాయికి పడిపోతోంది, ఆఫ్ చేస్తే వైఫై కోసం పంపే రిపేర్ ప్యాకెట్లు వైరు వైపు కూడా నిండిపోతున్నాయి.

రెండు వేర్వేరు గ్రూపులు చేసి వైఫై గ్రూపుకి ఎఫ్ఈసీ ప్యారిటీ (పోయిన ప్యాకెట్లను రిసీవరే తిరిగి కట్టుకోవడానికి పంపే అదనపు డేటా) ముందే ఎక్కువగా పంపాలా, లేక యాక్సెస్ పాయింట్‌లోనే మల్టీకాస్ట్‌ని యూనికాస్ట్‌గా (ఒక్కో రిసీవర్‌కి విడివిడిగా పంపేలా) మార్చాలా? రిసీవర్లు పెరిగితే రెండోది ఎయిర్‌టైమ్ (వైఫై ఛానెల్‌లో పంపడానికి దొరికే సమయం) మింగేస్తుందని టెన్షన్. నడిపి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఒక్కో ఎఫ్ఈసీ బ్లాక్‌కి (కలిపి ప్యారిటీ కట్టే ప్యాకెట్ల గుంపుకి) ప్యారిటీ ఎంత పెట్టారు?