సమస్యాపూరణం: “శంక గలవారి మైత్రియే శాశ్వతమ్ము”

నిర్వాహకుడు, తిరుపతి:
ఈసారి సమస్య తేటగీతి పాదం. బయోవేర్ సంస్థ రూపొందించగా 2007లో వెలువడిన ‘మాస్ ఎఫెక్ట్’ ఆటలోని సైనికురాలు ఆష్లీ విలియమ్స్‌కు గ్రహాంతర జాతులంటే ద్వేషమా, కాదా అన్నదే వస్తువుగా పూరించవలసిందిగా కోరుతున్నాను.

పుత్తూరు సభ్యుడి పూరణ:

తాత శత్రుల కోడుటఁ దలఁచి తలఁచి
నౌకలో నన్యజాతుల నమ్మకున్న
యాష్లి వారితో రణమున నడుగు వేసె
శంక గలవారి మైత్రియే శాశ్వతమ్ము.

మదనపల్లె సభ్యురాలి పూరణ:

జాతినిం బట్టి గుణముల జాడ చెప్పి
తోడి వీరులఁ గదులకు దూరముంచు
మనిన నెయ్యము మిగులునే మనసులోన
శంక గలవారి మైత్రియే శాశ్వతమ్ము?

నిర్వాహకుడి సమీక్ష:
మొదటి పద్యం రెండవ పాదంలో ఔకారానికి అకారంతో యతి హాయిగా చెల్లింది. అయితే ‘ఓడుట’ అన్న మాట కథకు అన్యాయం చేస్తోంది. ఆట కథ ప్రకారం 2157లో ట్యూరియన్లు అనే గ్రహాంతర జాతివారు మానవుల స్థావరమైన షాన్షీని ముట్టడించినప్పుడు ఆష్లీ తాత జనరల్ విలియమ్స్ అక్కడి ప్రజల ప్రాణాలు నిలపడానికే లొంగిపోయాడు. గ్రహాంతరులకు లొంగిన ఏకైక మానవ సేనాని అన్న అపకీర్తి వంశాన్ని వెంటాడి, మనుమరాలికి కూడా సైన్యంలో ఎదుగుదల లేకుండా చేసింది. కనుక ‘తాత జనరక్షకై లొంగి తలను వంచ’ అంటే శంకకు మూలం తేటపడుతుంది.

రెండవ పూరణ ఏకారాన్ని ప్రశ్నగా మలచుకొంది. అన్యజాతి సహచరులు గ్యారస్ (ట్యూరియన్), రెక్స్‌లను ఓడలో స్వేచ్ఛగా తిరగనివ్వవద్దని ఆష్లీ అభ్యంతరం చెప్పిన ఘట్టాన్ని చక్కగా పట్టుకొంది. నార్మండీ అనే ఆ వ్యోమనౌకను మానవులు ట్యూరియన్లతో కలిసే రూపొందించారు కాబట్టి ఆ మాట మరీ చేదుగా తోస్తుంది. మొదటి పాదంతో మాత్రం నేను ఏకీభవించను. ఎలుగుబంటి మీద పడితే మనిషి తన కుక్కను ఉసిగొల్పి పారిపోతాడని, ఆపద వస్తే తక్కిన జాతులు మానవులనూ అలాగే వదిలేస్తాయని ఆమె అంటుంది. అది గుణనింద కాదు, ప్రభుత్వాల స్వార్థాన్ని ఎరిగిన సైనికురాలి జాగ్రత్త.

మదనపల్లె సభ్యురాలు:
అయ్యా, గ్యారస్ తన కొలువును వదులుకొని వచ్చినవాడు, ఏ ప్రభుత్వం తరఫునా రాలేదు. అతనిని కూడా ట్యూరియన్ ప్రభుత్వపు లెక్కలో కలిపివేయడమే జాతిని బట్టి గుణం చెప్పడం. పాదాన్ని మార్చలేను.

శ్రీకాళహస్తి సభ్యుడు:
ఆమె వాదన సమంజసం. మొదటి పద్యంలో ‘అడుగు వేసె’ అన్నంత మాత్రాన మైత్రి రుజువు కాదు. మా ఊరి తిన్నని మాంసనైవేద్యాన్ని చూసి కుమిలిన అర్చకుని మనసు, అతడు కన్ను పెకలించి స్వామికి అర్పించడం చాటునుండి చూశాకే మారింది. అటువంటి ఘట్టం ఒకటి ఇక్కడ కావాలి. ఆటగాడు పంపితే ఆష్లీ విర్మైర్ గ్రహం‌పై కిరాహే నడిపే సలారియన్ అనే మరో గ్రహాంతర జాతి దళంతో కలిసి పోరాడుతుంది కదా!

పుత్తూరు సభ్యుడు:
రెండు సూచనలనూ కలుపుకొని తిరగరాశాను. పరిశీలించండి.

తాత జనరక్షకై లొంగి తలను వంచ
నౌకలో నన్యజాతుల నమ్మకున్న
యాష్లి విర్మైరుపై వారి యండ నిలిచె
శంక గలవారి మైత్రియే శాశ్వతమ్ము.