క్రానోగ్‌ను లంక అనవచ్చునా?

ప్రశ్న: స్కాట్లాండ్, ఐర్లాండ్ సరస్సుల్లో పూర్వులు నీటి నడుమ తామే కట్టుకొని కాపురమున్న దీవులను క్రానోగ్‌లంటారు. దీనికి తెలుగు మాట వెతుకుతుంటే మా నాయనమ్మ చెప్పే "లంక మేతకూ ఏటి ఈతకూ సరి" అన్న సామెత గుర్తుకొచ్చింది. ఆమె "ఏటి" అనేదో "గోదారి" అనేదో ఎవరైనా చెప్పగలరా? క్రానోగ్‌ను లంక అంటే చెల్లుతుందా?

కోనసీమ నుంచి: మా ఇంట "ఏటి ఈత" అనే విన్నానండీ. అయితే లంక అంటే ఏరు మేట వేసినది. వరదకు అంచు కోసుకుపోకుండా మేము సరుగుడు గుంజలు దిగ్గొట్టి, వాటి వెనుక కంప కుక్కి, మట్టి నింపుతాము. అంత చేసినా లంకను మేమే కట్టామని ఎవరమూ అనము.

కైకలూరు నుంచి: గోదావరి వాడుకనే కొలబద్ద చేయకండి. కొల్లేటి సరస్సులో ఊళ్ళున్న మెరకలూ లంకలే. ఐరిష్‌లో "క్రాన్" అంటే చెట్టు కనుక "మ్రానులంక" అంటే మూలార్థం కూడా నిలుస్తుంది.

గుంటూరు నుంచి: మ్రోగు మోగు అయినప్పుడు ఇక్కడ రకారం దేనికి? "మానులంక" చాలు.

కైకలూరు నుంచి: రకారం తీస్తే "మానడం" అడ్డొస్తుంది. "మ్రాను" అన్నప్పుడు ఆ సందేహానికే తావుండదు.

వరంగల్ నుంచి: గజేంద్రమోక్షణంలో పోతన మొసలిని నీరాటమనీ, ఏనుగును వనాటమనీ అన్నారు. కొలనునూ అడవినీ రెండు మాటల్లో ఎదురెదురుగా నిలిపిన ఆ చేతికి నేనెప్పుడూ మొక్కుతాను. అడవి మానులు నీట పాతుకున్న ఈ ఇంటికి "నీరాటపుటిల్లు" అందగించదా?

గుంటూరు నుంచి: అందులో ఉన్నది "అట", అంటే తిరిగేది. మొసలి తిరుగుతుంది, ఇల్లు తిరగదు కదండీ.

ఎడింబరో నుంచి: "మ్రాను"కు అసలు చిక్కు స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవిలో ఉంది. అక్కడి బోర్గస్టెల్ వంటి సరస్సుల్లోని క్రానోగ్‌లు రాళ్ళు పోసి లేపినవి. 2019లో వెలువడిన పరిశోధన వాటి వయసు 5,000 ఏళ్ళకు పైమాటేనని తేల్చింది. స్కాట్లాండ్‌లోనే ఉన్న టే సరస్సులోని ఓక్‌బ్యాంక్ క్రానోగ్ మాత్రం గుంజల మీద నిలిచిన కట్టడమే. సుమారు 2,500 ఏళ్ళనాటి కొయ్యగిన్నె ఒకటి, అంటుకున్న వెన్నతో సహా, అక్కడి నీటి అడుగున దొరికింది. రాతికీ కొయ్యకూ చెల్లాలంటే "కట్టుడులంక" అనాలి. కట్టుడుపళ్ళలో ఉన్న అర్థమే ఇది: పుట్టినది కాదు, అమర్చినది.

కోనసీమ నుంచి: "కట్టుడు" చేర్చితే నాకు అభ్యంతరం లేదు. సామెతలో మాత్రం "ఏటి" అనే ఉండాలి.

ప్రశ్న వేసినవారు: మా పెద్దత్తను అడిగాను. ఆవిడ "గోదారి" అనే అంటున్నారు.