విడాకులు తీసుకున్నవారు ఇంకొకరి విడాకుల్లో సలహా చెప్పవచ్చా?

వేపచెట్టు:
నాకు 2019లో పరస్పర అంగీకారంతో విడాకులు వచ్చాయి. అప్పుడు నాకు తోడు వచ్చినవారు లేరు. ఫ్యామిలీ కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా ఒక్కదాన్నే నిలబడి, వాయిదా తేదీ రాసుకుని ఇంటికి వచ్చేదాన్ని. అందుకే తెలిసినవాళ్ల అమ్మాయిలు ఫోను చేస్తే కాదనలేకపోయాను. ఇప్పటికి ఐదుగురు. ఇకపై వారానికి రెండు రోజులు ఈ పనికే కేటాయించాలని ఉంది. మా అన్నయ్య "కొంపలు కూల్చేదన్న పేరు వస్తుంది" అంటున్నాడు. పేరు సంగతి అటుంచితే, నాకు ఆ అర్హత ఉందా?

పాతూరు:
లేదనే అంటాను, కోపగించుకోకమ్మా. మా పిన్ని కూతురికి ఇలాగే విడాకులైన స్నేహితురాలు సలహా ఇచ్చింది. "భరణం, బంగారం అని కూర్చుంటే ఏళ్లు పడుతుంది, సంతకం పెట్టి బయటపడు, నేనూ అలాగే బయటపడ్డాను" అంది. ఆ అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం, పిల్లలు లేరు. మా చెల్లెలికి మూడేళ్ల బాబు, చేతిలో పైసా లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన 20 కాసుల బంగారం అత్తవారింట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు బట్టలు కుట్టి బతుకుతోంది. స్నేహితురాలు చెడ్డది కాదు, తనకు సరిపడింది చెప్పిందంతే.

మధురవాడ:
నా అనుభవం వేరు. నా కేసు నడుస్తున్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తేవారు కాదు. అప్పటికే విడాకులైన సహోద్యోగి ఒకాయన రోజూ రాత్రి ఫోను చేసి "అన్నం తిన్నావా" అని అడిగేవాడు. కేసు గురించి ఒక్క ముక్క అడగలేదు. పాపను తిరిగి వాళ్లమ్మ దగ్గర దింపేటప్పుడు కన్నీళ్లు పెట్టుకోవద్దని, మళ్లీ వచ్చే ఆదివారం ఏం చేద్దామో మాట్లాడుతూ దింపమని ఆయనే చెప్పాడు. ఆ మాట నాకు వకీలు చెప్పలేదు.

నల్లకోటు:
పదిహేనేళ్లుగా ఈ కేసులే చూస్తున్నాను. పాతూరు గారూ, పరస్పర అంగీకార పిటిషన్ మీద సంతకం పెట్టినా, తీర్పు వచ్చేలోపు అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్‌లో ఆరు నెలల గడువు పెట్టింది మళ్లీ ఆలోచించుకోవడానికే. తగిన కేసుల్లో ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి తొందరపెట్టేవారితో మరింత జాగ్రత్త అవసరం.

వేపచెట్టు గారూ, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వేయాలని 2020లో అదే కోర్టు ఆదేశించింది. కనుక జీతం కాగితాలు, పాసుపుస్తకాలు, నగల రసీదులు వెతికించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, దాన్ని ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోను చేయించండి. ఎంత అడగాలో, అసలు విడిపోవాలో వద్దో మాత్రం మీరు చెప్పకండి.

పాతూరు:
ఎదురుగా కూర్చుని ఏడుస్తూ "అక్కా, నువ్వైతే ఏం చేస్తావు" అని అడిగితే?

వేపచెట్టు:
అడిగారు. ఇద్దరికి "నేనైతే వచ్చేస్తాను" అనే చెప్పాను. ఒకామె వచ్చేసింది, బాగుంది. రెండో ఆమె మళ్లీ ఫోను చేయలేదు. మీ చెల్లెలి సంగతి చదివాక ఉండబట్టలేక ఇప్పుడే నేనే చేశాను. పిటిషన్ వేశారట, తీర్పు ఇంకా రాలేదు, వచ్చే నెల వాయిదా. అందులో బంగారం ఊసే లేదట. ఏం చేయమనీ చెప్పలేదు. బుధవారం న్యాయ సేవాధికార సంస్థకు ఇద్దరం వెళ్తున్నాం. నగల రసీదులు వాళ్లమ్మ బీరువాలో ఉన్నాయట, తెమ్మన్నాను.