ఊద, ఊదలు: రెండూ ఒకటేనా?

మా కోవూరు వైపు వరి కయ్యల్లో (మళ్లలో) నాట్లయి కలుపులు మొదలైతే ఆడవాళ్ల నోట ముందుగా వినపడే మాట ఊద. "ఆ మూల ఊదుంది, వదలబాకండి" అంటారు. నెల్లూరు బజారుకి పోతే సిరిధాన్యాల కొట్టులో ఊదలని పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. ఇక్కడ పీకి గెనిమ (గట్టు) మీద పారేసేదీ, అక్కడ డబ్బులిచ్చి కొనుక్కునేదీ ఒకటేనా? లేత మొక్క మొదట్లో ఒక్కోసారి వంగపండు రంగు జీర కనపడుతుంది. ఊదా రంగుని బట్టి ఆ పేరొచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
ముందు రంగు సంగతి చూద్దాం అన్నా. ఊదా మనకి ఉర్దూ నుంచి వచ్చిన మాట. ధాన్యం పేరు అట్లా కాదు. కన్నడం వాళ్లు కూడా దీన్ని ఊదలు అనే అంటారు. పక్కపక్క భాషలు రెండూ ఒక మెట్టపంటని ఒకే పేరుతో పిలుస్తున్నాయంటే అది సేద్యంలో పుట్టిన పాత మాటే అయ్యుండాలి. రంగుతో ముడిపెట్టక్కర్లేదు.

ఇక రెండూ ఒకటేనా అంటే, దగ్గరి చుట్టాలు. శాస్త్రంలో రెంటిదీ ఎకినోక్లోవా అనే ప్రజాతే. అందులో తినే ఊద ఫ్రుమెంటేసియా అనే జాతి. వరిలో పడేవి ముఖ్యంగా కొలోనా, క్రస్‌గల్లి అనే జాతులు. ఆ కొలోనా నుంచే మన దేశంలో తినే ఊదని సాగులోకి తెచ్చుకున్నారని వృక్షశాస్త్రం చెబుతోంది. అంటే మనం పీకి పారేసేది పంటకి తల్లి వరస!

నాకు బాగా నచ్చేది ఈ మాటల కట్టు. కొర్ర మొక్క, కొర్రలు గింజలు. సజ్జ, సజ్జలు. జొన్న, జొన్నలు. ఊద, ఊదలు కూడా అదే వరస. వరికి మాత్రం గింజల్ని వడ్లని వేరే పేరుతో పిలుస్తాం. కయ్యలో ఊదని గింజ పట్టేదాకా ఎవరూ ఉంచరు కాబట్టి అక్కడ ఊదలు అనాల్సిన పనే పడదు. కొట్టులో మొక్క కనపడదు కాబట్టి ఊద అనే మాట వినపడదు. ఇన్నాళ్లూ రెండు మాటలూ ఎదురుపడలేదు. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక ఊదల పేరు పట్నాల్లోనూ బాగా వినపడుతోంది. అందుకే మీకీ అనుమానం వచ్చింది.

ఇంకొకరి మాట:
మాది దర్శి వైపు, సాగర్ కుడికాలువ కింద. అన్న చెప్పింది నిజమే గానీ, పొలంలో ఊద ఎంత మోసం చేస్తుందో కూడా చెప్పాలి. నారుమడిలో వరితో పాటే మొలుస్తుంది, నారు కట్టలో కలిసొస్తుంది. నాటే అమ్మ తెలియక తన చేత్తోనే దాన్ని వరి పక్కన నాటుతుంది. చూపుకి రెండూ ఒకటే పచ్చన. ఆకు, కాడని చుట్టుకున్న తొడుగు కలిసేచోట వేలితో కొంచెం వంచి చూడండి. వరికయితే అక్కడ తెల్లగా, పలచగా నాలుక లాంటి పొర లేచి ఉంటుంది, పక్కన నూగు ఉంటుంది. ఊదకి ఆ పొర ఉండదు, నున్నగా ఉంటుంది. చేయి తిరిగినవాళ్లు వంచి కూడా చూడరు, నడిచిపోతూ పీకేస్తారు. అప్పుడు వదిలితే వరి కోతకి రాకముందే గింజ రాలి మట్టిలో కలుస్తుంది, మళ్లీ పంటకి సిద్ధం.

ఇంకో సంగతి. పంటలో కలిసి ఉంటుంది కాబట్టి కలుపు అన్నారని మా వైపు చాలామంది చెప్తారు. అది సరైనదేనా?

మొదటి జవాబిచ్చినాయన:
నాకు కుదరదనిపిస్తోంది అక్కా. తమిళంలో కళై, కన్నడంలో కళె అంటే కలుపే. తమిళంలో కళై అంటే పీకి తీసేయడం కూడా. మన కలుపు ఆ కుదురుదే అయ్యుంటుంది. అన్నంలో కూర కలిపే కలుపు వేరు. కలుపు తీయడం అనడంలోనూ తీయడమే ఉంది, కలవడం లేదు.

మరి ఒడిపిలి అనే మాట మీ దర్శి వైపు ఏ గడ్డికి వాడతారు? మా వైపు ఒక్కో ఊళ్లో ఒక్కో గడ్డిని చూపిస్తున్నారు.