అప్‌డేట్: త్రీడీ మ్యాప్‌లో నేలలోకి కుంగిన భవనాల సంగతి

మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో చేసిన త్రీడీ మ్యాప్‌లో భవనాలు నేలలోకి కుంగినట్లు ఎందుకు కనిపిస్తున్నాయని ఇదివరకు అడిగాను, కారణం దొరికింది. భూతలానికి వాడిన ఎస్‌ఆర్‌టీఎం (స్పేస్ షటిల్ రాడార్ సర్వే) డేటాలోని ఎత్తులు సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే ఈజీఎం96 జియాయిడ్ అనే ఊహాతలం నుంచి లెక్కించినవి కాగా, జీపీఎస్ సర్వేలో వచ్చిన భవనాల ఎత్తులు డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి దగ్గరగా ఉండే నునుపైన గణితరూపం) నుంచి కొలిచినవి. ఈ రెండు ఆధారతలాల మధ్య తేడా ప్రపంచంలో కొన్ని చోట్ల 100 మీటర్లు దాటుతుంది. ప్రతి భవనం ఎత్తు నుంచి ఆ చోట ఎలిప్సాయిడ్ నుంచి జియాయిడ్ ఎంత ఎత్తులో ఉందో చెప్పే విలువను, ప్లస్ మైనస్ గుర్తుతో సహా, తీసివేశాక అన్నీ నేలమీద నిలిచాయి.

దృశ్యపరిధి విశ్లేషణ (ఒక చోటి నుంచి ఏయే ప్రాంతాలు కనిపిస్తాయో లెక్కించడం) మాత్రం ఇంకా తేలలేదు. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం డేటాలో, దట్టమైన అడవులున్నచోట చెట్ల ఎత్తు కూడా కొంత కలిసి ఉంటుంది. లైడార్ (లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే పద్ధతి) ఆధారిత నేల నమూనా దొరికే వరకు ఆ ప్రాంతాల ఫలితాలను వాడను.