అప్‌డేట్: చివరికి బీ650 బోర్డే తీసుకున్నాను

కొత్త కంప్యూటర్‌లో రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్‌కు బీ650 మదర్‌బోర్డు (భాగాలన్నీ అమర్చే పలక) సరిపోతుందా, ఇంకా ఖరీదైన ఎక్స్670ఈ బోర్డు కావాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే బీ650 తీసుకుని, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు కలిపాను. ఆటలు, వీడియో ఎడిటింగ్ రెండూ హాయిగా నడుస్తున్నాయి.

మొదటిరోజు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. బోర్డులో ఉన్నది పాత బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్), దానికి ఈ ప్రాసెసర్ తెలియదు! పెన్‌డ్రైవ్‌లో కొత్తది వేసి, వెనుకనున్న ఫ్లాష్ బటన్ (బయోస్‌ను మార్చేది) నొక్కి, చిన్న దీపం మిణుకుమనడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ తర్వాతా డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్ (బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సర్దుకోవడం) పేరుతో కొన్ని నిమిషాలు చీకటే. అప్పుడు కంగారుపడి ఆపేయకండి. ర్యామ్‌లు రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాను. ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్లు రెండే, అదొక్కటే వెలితి.