పైఆడియోలో -9981, ఆపబోతే -9988

ప్రశ్న: పైఆడియో (పైథాన్‌లో శబ్దం రికార్డు చేసే లైబ్రరీ)తో మైకు నుంచి 16000 హెర్ట్జ్‌లో 1024 ఫ్రేముల చొప్పున చదువుతున్నాను. అదే లూపులో మాటల్ని గుర్తించే మోడల్ కూడా నడుస్తుంది. కాసేపటికే 'ఇన్‌పుట్ ఓవర్‌ఫ్లోడ్' అని -9981 ఎర్రర్. వేరే థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే భాగం) నుంచి ఆపబోతే -9988 ఎర్రర్. ఎక్కడ సరిచేయాలండీ?

జవాబు: 1024 ఫ్రేములంటే 64 మిల్లీసెకన్లు. మోడల్ అంతకన్నా ఎక్కువ సేపు తీసుకుంటే బఫర్ (శబ్దం కాసేపు నిలిచే చోటు) నిండిపోతుంది. ఒక థ్రెడ్ చదివి క్యూలో వేయాలి, అంతే. మోడల్ ఇంకో థ్రెడ్‌లో ఉండాలి. రీడ్‌లో ఎక్సెప్షన్_ఆన్_ఓవర్‌ఫ్లో అనే ఆప్షన్‌కి ఫాల్స్ ఇస్తే ఎర్రర్ కనపడదు గానీ, పోయిన శబ్దం పోయినట్టే. దయచేసి దాన్నే పరిష్కారం అనుకోకండి.

మరో జవాబు: -9988 వచ్చిందంటే మూసేసిన స్ట్రీమ్‌ని ఇంకా చదువుతున్నారన్నమాట. ముందు ఆగమని చెప్పే ఈవెంట్ సెట్ చేసి, చదివే థ్రెడ్‌ని జాయిన్ చేయండి, అంటే అది ముగిసేదాకా ఆగండి. ఆ తర్వాతే స్టాప్_స్ట్రీమ్, క్లోజ్, టెర్మినేట్.

ప్రశ్న: క్యూకి గరిష్ఠ పరిమితి, అంటే మ్యాక్స్‌సైజ్ పెట్టాలా?

జవాబు: పెడితే పుట్‌_నోవెయిట్ వాడండి. మామూలు పుట్ నిండిన క్యూ దగ్గర ఆగిపోతుంది, మళ్లీ -9981 మొదలు. క్యూసైజ్ (క్యూలో ఉన్నవాటి సంఖ్య) పెరుగుతూనే ఉంటే మాత్రం చిన్న మోడల్‌కి మారాల్సిందే.